నాటకం సామాను ఎవరిది? తెలుగు రంగస్థల చరిత్రలో లెక్కకి రాని శ్రమ

తెలుగు నాటక చరిత్ర పేరుతో మన విశ్వవిద్యాలయాల్లో చెప్పే పాఠం ఒకే వరసలో నడుస్తుంది. 1880లో ధార్వాడ నాటక సమాజం మన ప్రాంతానికి రావడం, ఆ ఏడే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించడం, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ నడపడం, 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడటం, ఆ తర్వాత బళ్ళారి రాఘవ. పరీక్షల్లో అడిగేవి కూడా ఇవే. రాసిందెవరు, ఆడిందెవరు, డబ్బు పెట్టిన జమీందారు ఎవరు. రాజు వేషగాడి నెత్తిన ఉన్న కిరీటం ఎవరు చేశారు? హరిశ్చంద్రుడి భుజాన ఉన్న కుండ ఎవరింటి నించి వచ్చింది? మద్దెల మీద బిగించిన తోలు ఎవరు ఊనారు? ఈ ప్రశ్నలు ఏ క్లాసులోనూ ఎవరూ అడగరు. అడిగితే నవ్వుతారు.

నాటకం వాళ్ళు ఈ వస్తువులన్నిటినీ కలిపి ‘సామాను’ అంటారు. పట్నం వాళ్ళు ‘ప్రాపర్టీసు’ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకి ఆస్తి అనే అర్థం కూడా ఉంది. ఈ వ్యాసం అడిగే ప్రశ్న అదే. ఈ ఆస్తి ఎవరిది? ఎవరి చేతుల్లో తయారై, ఎవరి పేరు మీద లెక్కకెక్కింది?

ఊరి నాటకం, ఊరి కులాలు

కంపెనీ నాటకాలు రాక ముందు ఊళ్ళల్లో వీధి నాటకాలు, యక్షగానాలు, భాగవతాలు ఆడేవాళ్ళు. స్టేజీ లేదు, కరెంటు లేదు. గుడి ముందో రచ్చబండ దగ్గరో నాలుగు గుంజలు పాతి పందిరేసేవాళ్ళు. వెలుతురు కోసం దివిటీలు కావాలి. గుడ్డ చుట్టి, ఆముదం పోసి వెలిగించిన దివిటీ పట్టుకుని తెల్లార్లూ నిలబడే పని చాకలిది. నటుడు ఎటు తిరిగితే అటు తిరగాలి, మొహం మీద వెలుగు తప్పకూడదు. ఆరిపోకుండా చమురు పోస్తూ ఉండాలి. ఈ రోజు పెద్ద జీతం తీసుకుని లైటింగ్ డిజైనరు చేసే పని ఇది. ఇద్దరు మనుషులు రెండు కొసలు పట్టుకుంటే ఒక దుప్పటే తెర అయ్యేది. ఆ దుప్పటి కూడా చాలాచోట్ల చాకలి మూటలోంచే వచ్చేది. ఆడవేషానికి చీర కూడా అంతే.

కుండలు, ముంతలు కుమ్మరివి. కట్టె కత్తులు, గదలు, సింహాసనం అని పేరు పెట్టుకున్న పీట వడ్రంగివి. మద్దెలకి తోలు శుభ్రం చేసి ఇచ్చేది మాదిగ. నాటకం అనేది ఊరుమ్మడి కళ అని పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. ఉమ్మడిగా జరిగింది పనే. చూసే చోటు మాత్రం ఉమ్మడిగా లేదు. మాలలు, మాదిగలు ఎడంగా కూచుని చూడాల్సిందే. తోలు పందిట్లోకి పోతుంది, తోలు ఊనిన మనిషి పందిరి బయటే ఉంటాడు.

ఈ పనికి కూలి అంటూ లేదు. పంట కల్లంలో పెట్టే మేరలోనే ఇదీ కలిసిపోయేది, లేదా వెట్టిగా పోయేది. కూలి లేని పనికి లెక్క రాయరు, లెక్క రాయని పనికి చరిత్ర దొరకదు. కులం అంటే శ్రమని విభజించడమే కాదు, శ్రమ చేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విభజించడం అని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించాడు. వీధి నాటకం పందిరి కింద నిలబడి చూస్తే ఆ మెట్లన్నీ ఒక్కచోట కనపడతాయి.

చిందువాళ్ళ పెట్టె

ఈ వరసకి భిన్నంగా ఉన్నది తెలంగాణ చిందు భాగవతం. చిందువాళ్ళు మాదిగల మీద ఆధారపడిన కళాకారుల కులం. జాంబ పురాణం ఆడటం వాళ్ళ హక్కు, బాధ్యత కూడా. ఏ కుటుంబానికి ఏ ఊళ్ళు అన్నది మిరాశీగా పంచుకుని ఉంటారు. ఇక్కడ ఆడేవాడు వేరు, సామాను చేసేవాడు వేరు అనే మాటే లేదు. కిరీటం, భుజకీర్తులు తేలికపాటి కట్టెతో చెక్కుతారు. దానిమీద మెరుపు కాయితం అంటిస్తారు, అద్దం ముక్కలు పొదుగుతారు. మొహానికి అర్దళం, సఫేదా, ఇంగిలీకం, కాటుక నూరి నూనెలో కలిపి రాసుకోవడం కూడా వాళ్ళ చేతి పనే.

అద్దం ముక్క ఎందుకు? అందం కోసమే కాదు. దివిటీ వెలుగు అద్దం మీద పడి తళుక్కుమంటే దూరంగా కూచున్నవాడికి కూడా రాజు వచ్చాడని తెలుస్తుంది. కట్టె తేలికగా ఎందుకుండాలి? రాత్రంతా చిందెయ్యాలి, మెడ నిలవాలి. ఒక్కొక్క వస్తువు వెనక ఇంత ఆలోచన ఉంది. ఇది పరిజ్ఞానం. చదువుకున్నవాళ్ళు దీన్ని ‘జానపదుల అమాయకమైన అలంకరణ’ అని తేల్చేశారు.

2005లో చనిపోయిన చిందు ఎల్లమ్మ ఆడమనిషై ఉండి మగ వేషాలు కట్టి మెప్పించింది. ఆ వేషానికి బరువైన ఆభరణాలు కట్టుకోవడం, విప్పడం, పదిలంగా పెట్టెలో సర్దుకోవడం ఆమె కళలో భాగం. 2024లో జనగామ జిల్లాకి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకి పద్మశ్రీ వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. ఆ బిరుదు ఒక నటుడికి వచ్చినట్టు పత్రికల్లో చదువుకుంటాం. నటుడితోపాటు అతని ఇంట్లో తరతరాలుగా దాచుకొచ్చిన పెట్టెని, ఆ పెట్టెలో ఉన్న పనితనాన్ని కూడా ఆ బిరుదులో కలిపి చదువుకోవడం మనం నేర్చుకోవాలి.

శాస్త్రంలో ఉన్నవాళ్ళు చరిత్రలో లేరు

ఒక విచిత్రం చెప్పాలి. భరతుడి నాట్యశాస్త్రం వర్ణ వ్యవస్థని ఒప్పుకున్న గ్రంథమే. అయినా అందులో ఆహార్యం గురించి చెప్పే అధ్యాయం సామాను పనిని ‘పుస్తం’ అనే పేరుతో విడిగా వివరిస్తుంది. చాపలు, తోళ్ళు, గుడ్డలు కలిపి కుట్టి చేసేది ఒక రకం. యంత్రంతో కదిలేట్టు చేసేది ఒక రకం. చుట్టి తయారు చేసేది ఇంకో రకం. రంగం మీద ఆయుధాలు నిజమైన ఇనుముతో ఉండకూడదని, బరువుకి నటుడు అలిసిపోతాడని, తేలికైన వాటితోనే చెయ్యాలని కూడా అందులో ఉంది. చిందువాళ్ళు కట్టెతో చేసి చూపించింది ఇదే సూత్రం. వాళ్ళు దాన్ని సంస్కృతం చదివి నేర్చుకోలేదు, పని చేసి నేర్చుకున్నారు.

అదే గ్రంథం చివర్లో నాటక బృందంలో ఎవరెవరు ఉండాలో చెప్తూ సూత్రధారుడు, విదూషకుడు, నాయకుడితోపాటు కిరీటాలు చేసే ముకుటకారుణ్ణి, ఆభరణాలు చేసేవాణ్ణి, దండలు కట్టేవాణ్ణి, చిత్రకారుణ్ణి, రజకుణ్ణి, చేతిపనివాణ్ణి వరసగా చెప్తుంది. అంటే చాకలి నాటక బృందంలో సభ్యుడని ఆ పాత పుస్తకం ఒప్పుకుంది. ఆ తర్వాతి అధ్యాయంలోనే, మునుల్ని వెక్కిరించారని భరతుడి కొడుకులు శూద్రులు కమ్మని శాపం పొందిన కథ ఉంది. పని గుర్తించడం, పనివాణ్ణి కిందికి తొయ్యడం రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆధునిక యుగంలో రాసిన నాటక చరిత్రలు ఇందులో రెండో దాన్ని అలాగే నిలుపుకుని మొదటిదాన్ని వదిలేశాయి. ‘తెలుగువారి జానపద కళారూపాలు’ (1992) రాసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి లాంటి ఒకరిద్దరు ఊరూరి కళల్ని గుదిగుచ్చారు కాబట్టి మనకి ఆ మాత్రం ఆధారమైనా మిగిలింది.

కంపెనీ వచ్చాక

పందొమ్మిదో శతాబ్దం చివర్లో పార్శీ, ధార్వాడ పద్ధతి నాటకాలు వచ్చాయి. రంగులేసిన తెరలు వచ్చాయి. రాజమహలు తెర, అడవి తెర, వీధి తెర, పక్కన వింగులు. దివిటీ పోయి గ్యాసు లైటు వచ్చింది. సామాను బరువు పెరిగింది, ఖరీదు పెరిగింది. ఊరి కులాలు తలా ఒకటి తెచ్చిపెట్టే పద్ధతి పోయి, సామాను పెట్టుబడి పెట్టినవాడి సొత్తయింది. మైలవరం లాంటి జమీందారీల కంపెనీల కథల్లో సామాను వైభవాన్ని వర్ణించే వాక్యాలుంటాయి. ఆ పెట్టెలు మోసినవాళ్ళ పేర్లుండవు.

సురభి వాళ్ళ సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన ఈ సమాజం మూలాలు తోలుబొమ్మలాటలో ఉన్నాయి. మరాఠా ప్రాంతం నించి వలసొచ్చిన సంచార కుటుంబాలు వాళ్ళవి. బొమ్మ గీసి, తోలు కోసి, రంగేసి, ఆడించి, పాడిన చేతులే మనుషుల నాటకంలోకి వచ్చాయి. అందుకే సురభిలో నాయిక వేషం కట్టిన ఆడమనిషి మరుసటి రంగంలో తాడు లాగుతుంది. పిల్లలు తెర మడతేస్తారు. ‘మాయాబజార్’లో బాణాలు గాలిలో ఢీకొట్టుకుని నిప్పులు రాలడం, నారదుడు మేఘాల మీంచి దిగడం చూసి జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఎవరికి? కనపడని తీగ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పాట లెక్కకి సరిగ్గా లాగినవాడికి. ఒక్క లిప్త తేడా వస్తే బాణం బాణానికి తగలదు.

ఆ తోలుబొమ్మల పని ఇప్పటికీ ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో సాగుతోంది. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, పల్చగా వెలుగు దూరేట్టు చేసి, ఎండబెట్టి, దానిమీద గీత గీసి, చిన్న చిన్న రంధ్రాలు పొడిచి రంగులద్దుతారు. అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాట చూసే జనం తగ్గాక, ఆ కుటుంబాలు అదే తోలుతో దీపాల గుడ్డలు చేసి అమ్ముకుంటున్నాయి. నాటకం సామాను ఇంటి అలంకరణ సామానైంది.

కాటి సీను

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగు పద్య నాటకాల్లో బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకానికి ఉన్న ఆదరణ తెలియనివాళ్ళుండరు. అందులో కాటి సీను ఒక్కటే విడిగా ఆడిస్తారు. డి.వి. సుబ్బారావు లాంటి నటులు ఆ ఒక్క సీనుతో పేరు తెచ్చుకున్నారు.

ఆ సీనులో సామాను చూడండి. నల్ల గొంగడి. చేతికర్ర. కుండ. అంతే. పట్టు బట్టలు, కిరీటం పోయి ఈ మూడూ ఒంటిమీదికి రాగానే ప్రేక్షకులకి ఏడుపొస్తుంది. ఎందుకొస్తుంది? రాజు కాటికాపరి అయ్యాడు కాబట్టి. ఆ మూడు వస్తువులు మా పల్లెల్లో రోజూ ఉండేవే. మా తాతల భుజాల మీద ఉన్నప్పుడు అవి ఎవరికీ కన్నీళ్ళు తెప్పించలేదు. రాజు భుజం మీద ఉంటే అవి విషాదం, మనిషి భుజం మీద ఉంటే అవి కులవృత్తి. గొంగడి అదే, కర్ర అదే. మోసే మనిషిని బట్టి దాని అర్థం మారిపోయింది. సామాను మీద ఇంతకన్నా పెద్ద పాఠం నాకు ఏ సిద్ధాంత గ్రంథంలోనూ దొరకలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నాటకం మీద పరిశోధన అంటే మా అమ్మ అడిగిన మొదటి మాట, “కాటికాడ పనిచేసేవోళ్ళ గురించి రాస్తావా, కాటికాపరి యేసం కట్టినోళ్ళ గురించి రాస్తావా?” అని. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి దారి.

కాటి యజమాని వీరబాహుణ్ణి చూడండి. హరిశ్చంద్రుణ్ణి కొనుక్కున్నవాడు. చాలా ప్రదర్శనల్లో అతని చేతికి కల్లు ముంత ఇస్తారు. తూలిస్తారు, నత్తిగా మాట్లాడిస్తారు, నవ్విస్తారు. నాటకం చివర్లో అతను మామూలు చండాలుడు కాదని, దేవుడే ఆ రూపంలో వచ్చాడని తేలుతుంది. అంటే నిజమైన చండాలుడి దగ్గర రాజు పని చెయ్యలేదన్నమాట! రాజుకి మైల అంటకుండా కథ జాగ్రత్తపడింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అడిగితే, 1920ల నించి ఆడుతున్న కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ని నిషేధించింది. నాటకాల్ని నిషేధించమని నేను అడగడం లేదు. ఒక కులాన్ని చూసి నవ్వే నవ్వు తప్పని ఒప్పుకున్నవాళ్ళు, వీరబాహు చేతిలో ముంత పెట్టి నవ్వే నవ్వు గురించి కూడా ఆలోచించాలి కదా అని అడుగుతున్నాను. ఆ ముంత నాటకంలో రాసి ఉందా, సామానులో వచ్చి చేరిందా అన్నది ప్రతి ప్రదర్శనలోనూ చూడాల్సిన విషయం.

ఇదే సీనులో ఇంకో అప్పు ఉంది. కాటిలో హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో ఎక్కువ పేరున్నవి గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోవి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం అవమానాలు అనుభవించి, ‘గబ్బిలం’ రాసిన జాషువా. నటులు ఆ పద్యాలు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు, జనం వన్స్‌మోర్ కొట్టారు. అవి నాటకంలో మొదటినించీ ఉన్నవే అనుకునే ప్రేక్షకులు ఈనాటికీ ఉన్నారు. గొంగడి, కర్ర, కుండతోపాటు పద్యం కూడా పల్లె నించే వచ్చింది. పద్యమూ సామానైపోయింది. తెచ్చింది ఎక్కణ్ణించో చెప్పకుండా వాడుకోవడమే సామాను లక్షణమైతే, దళిత కవి కూడా ఆ పెట్టెలోకి చేరాడు.

తోలు మాట

సామాను చరిత్రలో తోలు ఒక్కటే ఒక పుస్తకమవుతుంది. మద్దెల, మృదంగం, తబలా, ఢోలక్, డప్పు అన్నీ తోలే. టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పేరుతో మృదంగం చేసేవాళ్ళ చరిత్ర రాశాడు. వాళ్ళల్లో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. ఆవుతోలు లేకుండా మృదంగం లేదన్న నిజం, ఆ వాద్యాన్ని పూజలో పెట్టుకునేవాళ్ళకి ఇబ్బంది కలిగించే నిజం, ఆ పుస్తకం దాచలేదు. ఆ పుస్తకం ఆవిష్కరణకి ముందిచ్చిన అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. వాయించేవాడి పేరు చెప్తే కళ, చేసేవాడి పేరు చెప్తే వివాదం.

దీనికి ఎదురుగా నిలిచింది ఉద్యమ రంగస్థలం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి రాజుల సామాను తగ్గించి రైతుల్ని, కూలీల్ని వాళ్ళ బట్టల్లోనే వేదిక మీదికి తెచ్చింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ ఆ దారిలోదే. 1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్ (2023లో చనిపోయాడు) గోచి, గొంగడి, కర్ర, గజ్జెలతో నిలబడ్డాడు. కాటి సీనులో పతనానికి గుర్తుగా ఉన్న గొంగడి, కర్ర ఇక్కడ తిరుగుబాటుకి గుర్తయ్యాయి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత దళిత ఉద్యమం డప్పుని చావు ముందు నడిచే వాద్యం స్థానం నించి సభ ముందు నడిచే వాద్యంగా మార్చుకుంది. వస్తువు అర్థాన్ని మార్చే హక్కు మనకీ ఉందని అలా తేలింది.

అయితే ఇక్కడా ఒక లోటు ఉంది. డప్పు కొట్టినవాడు పాటల క్యాసెట్ల మీద కనిపించాడు. వేపకర్ర పలక వంచి, మేకతోలు సాపు చేసి, చింతపిక్కల అంబలితో అంటించి, బిగించి, ఆరబెట్టి, సిర్ర, చిటికెనపుల్ల చెక్కిచ్చినవాడు కనిపించలేదు. ఉద్యమం రాసుకున్న చరిత్రలో కూడా చేసినవాడి గది ఖాళీగానే ఉంది. ఇది మన వాళ్ళని మనమే అడగాల్సిన మాట.

సామాను మనిషి రోజు

ఇవాళ పద్య నాటకం ఆడించాలంటే డ్రస్సులు, సీన్లు, సామాను అద్దెకిచ్చేవాళ్ళతో కాంట్రాక్టు మాట్లాడుకుంటారు. వాళ్ళతో వచ్చే సామాను మనిషి మధ్యాహ్నానికే దిగుతాడు. ఏ రంగానికి ఏం కావాలో అతనికి కాయితం అక్కర్లేదు. విల్లు ఎడమ వింగులో, ఉత్తరం కుడి వింగులో, పగలగొట్టే కుండ రెండోది అదనంగా, పూలదండ నీళ్ళు చల్లి పక్కన. గద లోపల డొల్ల, కాబట్టి ఎక్కడ పట్టుకోవాలో కొత్త నటుడికి చెప్తాడు. కత్తి పిడి ఊడితే తాడుతో బిగిస్తాడు. నటుడు పద్యం రాగం తీస్తున్నంతసేపట్లో రాత్రిలో సింహాసనం మార్చేస్తాడు. ఏ ఆటకి ఏ నటుడు పద్యం ఎక్కడ సాగదీస్తాడో కూడా అతనికే తెలుసు. తెల్లారేసరికి అన్నీ లెక్కపెట్టి పెట్టెలో సర్ది లారీ ఎక్కించాలి. ఒకటి పోతే అతని కూలిలోంచి కోత. కరపత్రంలో దాతల పేర్లు, హార్మోనిస్టు పేరు ఉంటాయి. అతని పేరు కోసం వెతకండి.

ఇక చెయ్యాల్సిన పని గురించి. పుస్తకాల్లో దొరకని చరిత్రని ఊళ్ళల్లోనే వెతకాలి. విద్యార్థులకి, ఉపాధ్యాయులకి, కార్యకర్తలకి నేను చెప్పేది ఇంతే. మీ ఊళ్ళో ఆడిన ఒక నాటకం తీసుకోండి. ఆ రాత్రి దివిటీ గానీ పెట్రోమాక్సు గానీ ఎవరు పట్టారు, తెర ఎవరిది, కిరీటం ఎవరు చేశారు, తోలు ఎవరు ఊనారు, కూలి ఏమిచ్చారు, వాళ్ళు ఎక్కడ కూచుని నాటకం చూశారు అని అడగండి. చెప్పినవాళ్ళ పేరుతోనే, వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. మ్యూజియాల్లో కిరీటం కింద ‘జానపద కళ’ అని రాసి వదిలెయ్యకుండా చేసిన కుటుంబం పేరు, ఊరి పేరు రాయమని అడగండి. కరపత్రం వేసేటప్పుడు సామాను మనిషి పేరు కూడా ఒక వరసలో వెయ్యమని నాటక సమాజాల మీద ఒత్తిడి తెండి. దానికి ఖర్చు ఒక్క గీటు సిరా. కాటి సీను మళ్ళీ చూసినప్పుడు జాషువా పేరు మైకులో చెప్పమని అడగండి.

ఇవన్నీ చిన్న పనుల్లా కనిపిస్తాయి. మన చరిత్రని మన దగ్గర్నించి తీసుకుపోయింది కూడా ఇలాంటి చిన్న చిన్న పేర్లు వదిలెయ్యడం ద్వారానే.